సినిమా నైట్‌కి హెర్బల్ టీ: కొనే ముందు ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి

ఈ రోజు టాపిక్ చాలా సింపుల్. శనివారం రాత్రి ఇంట్లో అందరూ కలిసి సినిమా చూస్తున్నప్పుడు చేతిలో ఏ కప్పు ఉండాలి? ఏ సినిమా చూడాలో తేల్చుకోవడానికి మనం అరగంట కొట్టుకుంటాం. పాప్‌కార్న్‌లో చీజా, మసాలానా అని ఇంకో పావుగంట. తాగేదాని గురించి మాత్రం ఎవరూ ఆలోచించరు. ఎవరో ఒకరు "టీ పెట్టనా?" అంటారు, అందరూ "ఆ" అంటారు, అంతే.

ఆ ఒక్క "ఆ" వల్ల సినిమా అయిపోయాక రాత్రంతా ఎలా ఉంటుందో ఈ ఎపిసోడ్‌లో చూద్దాం. ఫ్లేవర్డ్ హెర్బల్ టీ అని షాపుల్లో అమ్మేది నిజంగా ఏంటి, ప్యాకెట్ మీద ఏం చదవాలి, ఇంట్లోనే ఎలా చేసుకోవాలి, ఎవరు జాగ్రత్తగా ఉండాలి అన్నీ చెప్తాను. చివర్లో ఉండే జాగ్రత్తలు మాత్రం స్కిప్ చేయకండి ప్లీజ్.

మామూలు టీకి ప్రాబ్లమ్ ఏంటి?

ముందే చెప్తున్నాను, నేను టీకి యాంటీ కాదు. పొద్దున్నే అల్లం టీ పడకపోతే నాకు రోజు స్టార్ట్ అవ్వదు. కానీ రాత్రి తొమ్మిదిన్నరకి తాగే టీ లెక్క వేరు.

మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం కొంచెం కొంచెంగా పోగవుతూ ఉంటుంది. అది వెళ్లి తన రిసెప్టర్లలో కూర్చుంటే మనకి నిద్ర మత్తు వస్తుంది. కెఫీన్ ఏం చేస్తుందంటే, అపార్ట్‌మెంట్‌లో మన పార్కింగ్ స్లాట్‌లో ఎవరో కారు పెట్టేసి పోయినట్టు, ముందే వచ్చి ఆ రిసెప్టర్లలో కూర్చుంటుంది. అడినోసిన్ వచ్చినా చోటు లేదు. అలసట ఎక్కడికీ పోలేదు, అది మనకి తెలియడం లేదంతే.

ఆ కారు ఎప్పుడు తీస్తారు? ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో, తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సగటున 5 గంటలు పడుతుంది. కొందరికి తక్కువ, కొందరికి ఎక్కువ. గర్భిణులకి అయితే ఇంకా చాలా ఎక్కువ టైమ్ పడుతుంది. ఇక్కడ మన హైదరాబాద్‌లోనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, ఎన్‌ఐఎన్ అంటాం. వాళ్లు 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ఈ లెక్కలున్నాయి. 150 మిల్లీలీటర్ల కప్పు ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రోజు మొత్తానికి 300 దాటొద్దు అన్నారు.

ఇప్పుడు మన సినిమా నైట్ లెక్క వేద్దాం. రాత్రి తొమ్మిదిన్నరకి 50 మిల్లీగ్రాముల కెఫీన్ ఉన్న టీ తాగారు. రెండున్నరకి కూడా ఒంట్లో 25 ఉంటుంది. పొద్దున ఏడున్నరకి ఇంకా 12 దాకా మిగిలే ఉంటుంది. టీ వద్దని కూల్‌డ్రింక్ తీసుకున్నా, కోలా అయితే ఒక టిన్‌లో సుమారు 30 మిల్లీగ్రాములు ఉంటుంది. దానికి చక్కెర అదనం.

కెఫీన్ అందరి మీదా ఒకేలా పనిచేయదు. మా నాన్న పదింటికి టీ తాగి పదిన్నరకి గురక పెడతారు. మా అమ్మకి సాయంత్రం ఆరు దాటాక ఒక గుక్క తాగినా రాత్రి ఒంటిగంట దాకా కళ్లు మూతపడవు. అమ్మ నర్సు. ఆదివారం కూడా పొద్దున ఆరింటికి డ్యూటీలో ఉండాలి. వారంలో మేం నలుగురం ఒకేచోట కూర్చునేది ఆ శనివారం రాత్రి ఒక్కటే. అందరి చేతుల్లో కప్పులుంటే అమ్మ ఒక్కతే ఖాళీగా కూర్చోవాలి, లేదా తాగి, నిద్ర లేకుండా వెళ్లి పేషెంట్లకి ఇంజెక్షన్లు ఇవ్వాలి. ఈ రెండూ వద్దు అనుకునే నేను ఈ హెర్బల్ టీల సంగతి సీరియస్‌గా చూడటం మొదలుపెట్టాను.

హెర్బల్ టీ అంటే అసలు టీయేనా?

టీ పొడి, గ్రీన్ టీ, వైట్ టీ, ఊలాంగ్, ఇవన్నీ ఒకే మొక్క ఆకులు. దాని పేరు కమేలియా సైనెన్సిస్. ఆకుని ఎలా ఆరబెట్టారు, గాలి తగలనిచ్చారా లేదా అన్నదాన్ని బట్టి రకం మారుతుంది. ఏ రకమైనా కెఫీన్ ఉంటుంది. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే గ్రీన్ టీని హెర్బల్ టీ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. గ్రీన్ టీ పక్కా టీయే.

ఆ మొక్క కాకుండా వేరే ఆకులు, పూలు, వేళ్లు, బెరడు వేడినీళ్లలో నానబెట్టి వడకట్టేదే హెర్బల్ టీ. ఫ్రెంచ్‌వాళ్లు టిజాన్ అంటారు. ఆ మాట బార్లీ నీళ్లకి వాడిన పాత గ్రీకు పదం నుంచి వచ్చింది. మనకి ఇది కొత్తేం కాదు. జలుబు చేస్తే అమ్మమ్మ తులసి, మిరియాలు, శొంఠి వేసి కషాయం కాచి ఇచ్చేది కదా. అప్పుడు ముక్కు మూసుకుని తాగాం. ఇప్పుడు అదే ఐటమ్ సిల్కు సంచిలో కట్టి, బాక్స్‌లో పెట్టి అమ్ముతుంటే ఫొటో తీసి స్టేటస్ పెట్టుకుంటున్నాం.

వీటిలో ఎక్కువ వాటికి కెఫీన్ ఉండదు. తులసి, పుదీనా, నిమ్మగడ్డి, అల్లం, మందార జాతి పూలు, కామోమైల్, దక్షిణాఫ్రికాలో పండే రూయిబోస్, వేటిలోనూ లేదు. కానీ ఒక ఎక్సెప్షన్ ఉంది. దక్షిణ అమెరికాలో తాగే యెర్బా మాటే కూడా హెర్బల్ కిందే అమ్ముతారు, దానిలో కెఫీన్ ఉంది. గ్వారానా అని కనిపించినా అంతే.

ప్యాకెట్ వెనక ఏం చూడాలి?

ఇక అసలు పాయింట్‌కి వచ్చేద్దాం. ప్యాకెట్ ముందువైపు అంతా డిజైనర్ పని. తులసి ఆకు బొమ్మ, తేనె చుక్క, ఆకుపచ్చ రంగు. వెనకవైపు తిప్పితే చిన్న అక్షరాల్లో ఇంగ్రీడియంట్స్ ఉంటాయి. ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చూడండి, సిగ్గేం లేదు. మన దేశంలో ఆ లిస్టు బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి రాయాలని రూల్. అంటే మొదట ఏ పేరుంటే అదే అందులో ఎక్కువ.

ముందు బొమ్మలో తులసి ఉండి, వెనక మొదటి పేరు గ్రీన్ టీ అని ఉంటే అది తులసి వాసన ఉన్న గ్రీన్ టీ. రాత్రికి పనికిరాదు, పొద్దున తాగండి. లెమన్ హనీ అని ఉన్నవాటిలో చాలావరకు ఇదే కేసు.

రెండోది ఫ్లేవర్. స్ట్రాబెరీ, పీచ్, వెనిలా అని పేరు పెద్దగా ఉంటుంది, లిస్టులో పండు ముక్క కనపడదు. దాని బదులు నేచురల్ ఫ్లేవర్ అనో, నేచర్ ఐడెంటికల్ ఫ్లేవరింగ్ అనో, ఆర్టిఫిషియల్ అనో ఉంటుంది. నేచర్ ఐడెంటికల్ అంటే పండులో ఉండే వాసన పదార్థాన్నే ల్యాబ్‌లో తయారుచేసింది అని అర్థం. అనుమతి ఉన్నదే, విషమేం కాదు. కానీ మీరు పండుకి డబ్బు కడుతున్నారా, వాసనకి కడుతున్నారా అనేది తెలిసి కట్టాలి కదా.

మూడోది, ఆన్‌లైన్‌లో లూజ్‌గా అమ్మే ఎండు పూలు. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబర్, 14 అంకెలది, ప్యాక్ మీద ఉందా లేదా చూడండి. పూజకో అలంకరణకో అమ్మే ఎండు పూలు కొని మరిగించి తాగొద్దు. వాటికి ఏ మందు కొట్టారో మనకి తెలియదు.

గోంగూర మొక్కే, కప్పులో వేరే వేషం

హైబిస్కస్ టీ అని ఎర్రగా, పుల్లగా ఒకటి ఉంటుంది. బాక్స్ మీద మన ఇంటి ముందు పూసే మందారం బొమ్మ వేస్తారు. కానీ లోపల సాధారణంగా ఉండేది దాని చుట్టం. హైబిస్కస్ సబ్దరిఫా. అంటే ఏంటో తెలుసా? మన గోంగూర! పువ్వు రాలిపోయాక కాయ చుట్టూ ఎర్రగా, దళసరిగా తొడుగులా ఉంటుంది చూశారా, దాన్ని ఎండబెట్టిందే ఈ టీ. ఆకుతో మనం పచ్చడి చేసుకున్నాం. ఇదే జాతిని ఉత్తరాంధ్రలో గోగు నార కోసం పండిస్తారు. ఆ ఎర్ర తొడుగుని ఈజిప్టులో కర్కదే అని వేడిగానూ చల్లగానూ తాగుతారు. సెనెగల్‌లో దాని పేరు బిస్సాప్. మెక్సికోలో చల్లగా చేసి హమైకా నీళ్లు అంటారు. పచ్చడి తిన్నప్పుడు నాలుక మీద తగిలే పులుపు ఇక్కడ కూడా తగులుతుంది. అందుకే మనవాళ్లకి ఇది తొందరగా అలవాటవుతుంది. చామంతి వాసన వచ్చే కామోమైల్ కంటే మా ఇంట్లో ఇదే హిట్.

నలుగురికి ఎలా చేయాలో చెప్తాను. నీళ్లు 800 మిల్లీలీటర్లు. ఎండిన గోంగూర తొడుగులు రెండు టేబుల్‌స్పూన్లు. అంగుళం అల్లం ముక్క, దంచింది. చిన్న దాల్చిన చెక్క ముక్క. పుదీనా ఆకులు ఏడెనిమిది. తీపికి నలుగురికీ కలిపి నాలుగు టీస్పూన్ల బెల్లం తురుము, అదీ కావాలంటేనే.

స్టీలు గిన్నెలో నీళ్లు, అల్లం, దాల్చిన చెక్క వేసి 5 నిమిషాలు మరిగించండి. అల్యూమినియం గిన్నె వద్దు, ఇది పులుపు, చింతపండు పులుసుకి పాటించే రూలే దీనికీ. స్టవ్ ఆపేసి, అప్పుడు తొడుగులు, పుదీనా వేసి మూత పెట్టండి. 6 నిమిషాలు. వడకట్టి బెల్లం కలిపి ఫ్లాస్క్‌లో పోసేయండి. పాలు మాత్రం పోయకండి, విరిగిపోతాయి.

మూత ఎందుకంటే, పుదీనా, నిమ్మగడ్డి, తులసి లాంటి ఆకుల వాసనంతా తేలిగ్గా ఆవిరయ్యే నూనెల్లో ఉంటుంది. మూత లేకుండా గలగలా మరిగిస్తే వంటిల్లంతా ఘుమఘుమలాడుతుంది, కప్పులో మాత్రం ఏమీ మిగలదు. అల్లం, చెక్క, మిరియాలు గట్టివి కాబట్టి మరగాలి. ఆకులు, పూలు మెత్తనివి కాబట్టి నానితే చాలు. ఈ ఒక్క తేడా తెలిస్తే ఏ హెర్బల్ టీ అయినా మీరే చేసుకోవచ్చు, ప్యాకెట్ ఫ్లేవర్ అక్కర్లేదు.

చిన్నపిల్లలున్న ఇంట్లో అయితే శంఖుపూల టీ ట్రై చేయండి. నీళ్లు నీలంగా మారతాయి. కప్పులో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే కళ్లముందే ఊదా రంగులోకి వచ్చేస్తుంది. ఆ పూలలో ఉండే ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం పులుపు తగిలితే రంగు మార్చుకుంటుంది. మాయాబజార్ చూస్తూ ఘటోత్కచుడి సీన్‌కి కరెక్ట్‌గా నిమ్మచెక్క పిండండి, పిల్లల మొహాలు చూడాలి.

ఫ్లాస్క్ ఎందుకు?

1957లో వచ్చిన ఆ మాయాబజార్ మూడు గంటలు దాటుతుంది. ఇప్పటి పెద్ద సినిమాలూ అంతే. మధ్యలో టీ పెట్టాలంటే ఎవరో ఒకరు లేచి వంటింట్లోకి వెళ్లాలి. ఎవరు వెళ్తారో మీకు తెలుసు. మనం "పాజ్ చేస్తాంలే" అంటాం, చేయం. ఆ మనిషి వచ్చి "ఏమైంది? వీడెవడు?" అని అడుగుతుంది, మనం విసుక్కుంటాం. సినిమా మొదలవకముందే ఫ్లాస్క్ నింపి టీపాయ్ మీద పెట్టేస్తే ఆ మనిషి కూడా సినిమా మొత్తం చూస్తుంది. ఈ ఎపిసోడ్ మొత్తంలో ఒక్క టిప్ మాత్రమే ఫాలో అవుతామంటే ఇదే ఫాలో అవ్వండి.

ఫ్లాస్క్‌లోంచి పోసిన వెంటనే తాగకండి, కాసేపు ఆగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో, 65 డిగ్రీలు దాటిన వేడితో తాగే పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కి కారణం కావచ్చు అని చెప్పింది. అది టీ తప్పు కాదు, వేడి తప్పు.

ఇంకోటి, పుల్లటి టీని మూడు గంటలు ఒక్కో గుక్కా తాగుతూ కూర్చుంటే పళ్ల ఎనామిల్‌కి అన్నిసార్లు ఆమ్లం తగులుతుంది. ఫస్టాఫ్‌లో ఒక కప్పు, ఇంటర్వెల్‌కి అవసరమైతే ఇంకో అరకప్పు, తర్వాత నీళ్లతో పుక్కిలించండి. ఎక్కువ తాగితే క్లైమాక్స్‌లో బాత్రూమ్‌కి పరిగెత్తాల్సి వస్తుంది, అది వేరే బాధ.

తీపి సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అదనపు చక్కెర రోజుకి 50 గ్రాముల లోపు ఉండాలి, 25 లోపు అయితే ఇంకా మంచిది అంటోంది. బెల్లం, తేనె కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మన కప్పులో టీస్పూన్ బెల్లం అంటే సుమారు 5 గ్రాములు. పక్కన కారామెల్ పాప్‌కార్న్ ఉంటే కప్పులో తీపి మానేయండి. ఉప్పు పాప్‌కార్న్ ఉంటే ఈ పులుపు భలే సెట్ అవుతుంది.

ఎవరు జాగ్రత్త పడాలి?

హెర్బల్ అంటే అందరికీ సేఫ్ అని కాదు. ఆకులోంచి మందు వస్తుందని నమ్మితే, ఆకుకి సైడ్ ఎఫెక్ట్ కూడా ఉంటుందని ఒప్పుకోవాలి.

గోంగూర తొడుగుల టీ బీపీని కొద్దిగా తగ్గిస్తుందని కొన్ని పరిశోధనల్లో కనిపించింది. మంచిదే కదా అనిపిస్తుంది. కానీ ఆల్రెడీ బీపీ మాత్ర వేసుకునేవాళ్లకి రెండూ కలిస్తే ఎక్కువ తగ్గొచ్చు. మా నాన్న బీపీ మాత్ర వాడతారు కాబట్టి ఇచ్చే ముందు ఆయన డాక్టర్‌ని అడిగాం. వారానికి ఒక కప్పు పర్లేదు, రోజూ గ్లాసుల కొద్దీ వద్దు అన్నారు. అది ఆయనకి చెప్పింది. మీ ఇంట్లోవాళ్ల సంగతి వాళ్ల డాక్టరే చెప్పాలి. ఇంకా ముఖ్యం, టీ తాగుతున్నాం కదా అని ఎవరూ మాత్ర ఆపకూడదు.

అతిమధురం ఉన్న టీలు చక్కెర లేకుండానే తియ్యగా ఉంటాయి. రోజూ ఎక్కువ తాగితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. కామోమైల్ మన చామంతి కుటుంబంది. రోడ్డు పక్కన పెరిగే వయ్యారిభామ కలుపు మొక్కదీ అదే కుటుంబం. ఆ మొక్కతో ఎలర్జీ ఉన్నవాళ్లు కామోమైల్ దగ్గర ఆలోచించండి. స్లిమ్, డిటాక్స్ అని రాసిన టీల లిస్టులో సెన్నా, అంటే సునాముఖి ఆకు ఉందేమో చూడండి. అది విరేచనాల మందు. తగ్గేది నీళ్లే, కొవ్వు కాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఏ మూలికల టీ అయినా డాక్టర్‌ని అడక్కుండా తాగొద్దు. ఏడాది లోపు బిడ్డలకి తేనె ఒక్క చుక్క కూడా పెట్టకూడదు.

మరి ఇది తాగితే నిద్ర పట్టేస్తుందా అని చాలామంది అడుగుతారు. నేను అలా ప్రామిస్ చేయను. కామోమైల్ గురించి కూడా బలమైన రుజువులు తక్కువ. ఈ కప్పు చేసే పని ఏంటంటే, వచ్చే నిద్రకి అడ్డం పడదు. మిగతాది మీ చేతుల్లో ఉంది. సినిమా అయ్యాక బెడ్ మీద పడుకుని ఇంకో రెండు గంటలు రీల్స్ చూస్తే, కెఫీన్ లేని టీ తాగి కూడా తెల్లారుజాము మూడింటికి మెలకువగానే ఉంటారు.

నాకు వ్యక్తిగతంగా నచ్చిన ఇంకో విషయం చెప్పి ఆపేస్తాను. వేడి కప్పుని రెండు చేతులతో పట్టుకోవాలి. రెండు చేతులూ బిజీ అయితే ఫోన్ పక్కన పడి ఉంటుంది. నలుగురు ఒకే సినిమాకి, ఒకే జోక్‌కి ఒకేసారి నవ్వాలంటే ఇప్పుడు అదే కావాలి.

సో ఫ్రెండ్స్, ఈ వారం హోమ్‌వర్క్ ఇది. మీ వంటింట్లో హెర్బల్ అని రాసి ఉన్న ప్యాకెట్ ఏదైనా ఉంటే తీసి, వెనక్కి తిప్పి, మొదటి పేరు ఏంటో చదవండి. గ్రీన్ టీ అనో బ్లాక్ టీ అనో ఉంటే పొద్దున అరలోకి మార్చేయండి. మీ ఇంట్లో రాత్రి టీ తాగి నిద్రపట్టక ఇబ్బంది పడేవాళ్లు ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి, బై.